అకిలీస్ అలక

హోమర్ 'ఇలియడ్' దాదాపు 15,700 పాదాల కావ్యం. క్రీ.పూ. 8వ శతాబ్దం ప్రాంతంలో రూపుదిద్దుకున్నది. అందులో మొట్టమొదటి మాటే కోపం. ఎవరిదా కోపం? గ్రీకు వీరుల్లో మేటి అకిలీస్‌ది. దేనికి? తాను కొల్లగొట్టి తెచ్చుకున్న బ్రిసేయిస్‌ను రాజు అగమెమ్నాన్ లాక్కున్నాడని. ఆమె యిష్టమేమిటో యిద్దరిలో ఒక్కడూ అడగలేదు.

దీన్ని ఆత్మగౌరవమని పాఠం చెప్పటం వాడుక. అలిగి డేరాలో కూర్చుంటే సరిపోను. ఇతడు తల్లిచేత జ్యూస్ దేవుడికి మొర పెట్టించి, తన పక్షంవాళ్లే ఓడల దగ్గర చావాలని కోరుకున్నాడు!

అయితే వొక్క మాట. ఆ సమాజంలో గౌరవమంటే కొల్లసొమ్ములో వాటాయే. వాటా పోతే మనిషి పోయినట్లే. తొమ్మిదవ సర్గలో రాయబారులతో అతడంటాడు: సముద్రం మీద పన్నెండు పట్టణాలు, నేలమీద పదకొండు నేను కొట్టాను, వెనక కూర్చున్న రాజు కొంచెం పంచి, మిగిలినదంతా తన దగ్గరే వుంచుకున్నాడని. కృష్ణా డెల్టా కౌలురైతుకు యీ మాట కొత్తకాదు. దున్నేవాడొకడు, కళ్లంలో గింజలు కొలుచుకుపోయేవాడొకడు. కాని అకిలీస్ కొల్లలో వాటా అడిగాడేగాని, కొల్లను తప్పనలేదు.

ఈ మాటే రెండవ సర్గలో థెర్సైటీస్ నిండుసభలో అన్నాడు. అకిలీస్‌ను అవమానించావని రాజును నిలదీశాడు, యింటికి పోదాం పదండన్నాడు. ఒడిస్యూస్ రాజదండంతో వీపు వాయించాడు, సైన్యం నవ్వింది. కవి అతణ్ణి కుంటివాడుగా, గూనివాడుగా చిత్రించాడు. ఎందుకో మనకు తెలియనిదేమీ కాదు. అతడంటే అకిలీస్‌కు పరమ ద్వేషమని కూడా ఆ కవే చెప్పాడు.

పదహారవ సర్గలో ప్రాణమిత్రుడు పెట్రోక్లస్‌కు తన కవచం తొడిగి యుద్ధానికి పంపుతూ అకిలీస్ కోరేదేమిటి? ట్రాయ్ వాళ్లూ గ్రీకులూ అందరూ చచ్చి, తామిద్దరమే మిగలాలని.

బెజవాడకు ఎగువన, కృష్ణలో కలిసే నాగులేటి వొడ్డున, కారెంపూడిలో 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం జరిగింది. శ్రీనాథుడి పేర వున్న ఆ వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేయించారు. అందులో బాలచంద్రుడు కూడా సంధి మాటలు చెవిని పెట్టని దుడుకువాడే. కాని స్నేహితుడు అనపోతును బతికించాలని, మిష పెట్టి వెనక్కి పంపుతాడు. అసలు సంగతి తెలిసి అనపోతు ప్రాణం తీసుకుంటాడు. చాపకూడు పంక్తిలో పెరిగిన స్నేహమది. మాల కన్నమదాసు సేనాపతి అయిన సైన్యమది. అక్కడా రక్తం ఏరులై పారింది, నిజమే. పరువు కోసమే, అదీ నిజమే.

పెట్రోక్లస్ చచ్చాకనే అకిలీస్ అలక తీరింది. స్నేహితుడి చితి దగ్గర పన్నెండుమంది ట్రాయ్ యువకుల గొంతులు కోశాడు. వాళ్ల పేర్లు కావ్యంలో లేవు.