హార్డ్ డిస్కు గుర్తింపు లోపం

కంప్యూటరులో అమర్చిన హార్డ్ డిస్కు ఉనికిని ఆ కంప్యూటరు తెలుసుకోలేకపోవడాన్ని హార్డ్ డిస్కు గుర్తింపు లోపం అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ డిస్కులోనే ఉంటే కంప్యూటరు బూట్ కాదు. బూట్ చేయదగిన పరికరం లేదనే సందేశం తెరపై కనిపిస్తుంది. అయితే డిస్కు కనబడకపోవడం, అందులోని సమాచారం నశించడం ఒకటి కావు. కేబులు, అమరికలు, ఫర్మ్‌వేర్ వంటివి కారణమైనపుడు సమాచారం భద్రంగానే ఉంటుంది. తొందరపాటు మరమ్మతుల వలన దానిని పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

గుర్తింపు జరిగే విధానం

మీట నొక్కగానే మదర్‌బోర్డుపై ఉన్న బయోస్ లేదా యూఈఎఫ్ఐ తనకు కలిపిన డిస్కులను పలకరిస్తుంది. డిస్కు మోటారు తగిన వేగం అందుకున్నాక, తన ఫర్మ్‌వేర్‌ను చదువుకొని, మోడలు పేరు, క్రమసంఖ్య, సామర్థ్యాలను బదులుగా పంపుతుంది. ఆ తరువాతనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలవుతుంది. కనుక బయోస్ తెరలో డిస్కు పేరు ఉందా లేదా అన్నది మొదట చూడవలసిన విషయం. పేరు ఉండి కూడా కంప్యూటరు బూట్ కాకపోతే లోపం బూట్ క్రమంలోనో, పార్టిషన్ పట్టికలోనో, సిస్టమ్ ఫైళ్ళలోనో ఉండవచ్చు.

కారణాలు

* విద్యుత్తు కేబులు లేదా డేటా కేబులు వదులు కావడం, పాడవడం.
* మదర్‌బోర్డుపై ఉండే 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ బలహీనపడి, బయోస్ అమరికలు మారిపోవడం. గడియారం పాత తేదీకి వెళ్ళడం దీని గుర్తు.
* పాత ఐడీఈ పద్ధతిలో ఒకే కేబులుపై ఉన్న రెండు డిస్కులకూ జంపర్లు "మాస్టర్"గా ఉండటం.
* డిస్కు అడుగున ఉండే సర్క్యూట్ బోర్డు కాలిపోవడం.
* చదివే హెడ్లు దెబ్బతినడం. డిస్కు నుండి టిక్కుటిక్కుమనే శబ్దం వస్తుంది.
* డిస్కు సొంత ఫర్మ్‌వేర్‌లో లోపం.

సరిచూసే క్రమం

ముందుగా కంప్యూటరును ఆపి, విద్యుత్తు ప్లగ్గును తీయాలి. కేబుళ్ళను ఊడదీసి మళ్ళీ బిగించి, ఫలితం లేకపోతే వేరే కేబులుతో, వేరే పోర్టులో ప్రయత్నించాలి. బయోస్‌లో సాటా అమరికను మార్చే ముందు పాత విలువను రాసి ఉంచుకోవాలి. అది మారితే విండోస్ బూట్ కాకపోవచ్చు.

తరువాత డిస్కును యూఎస్‌బీ అడాప్టరు ద్వారా మరో కంప్యూటరుకు కలపాలి. 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కూడా కావాలి గనుక దానికి వేరుగా విద్యుత్తు అందించాలి. అక్కడ డిస్కు కనబడితే లోపం మొదటి కంప్యూటరులోనిదని భావించవచ్చు. బిట్‌లాకర్‌తో తాళం వేసిన డిస్కును అక్కడ తెరవడానికి 48 అంకెల రికవరీ కీ అవసరం కావచ్చు. డిస్కును ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడిగితే అంగీకరించరాదు.

సమాచారాన్ని కాపాడటం

ముందు నకలు, తరువాతే మరమ్మతు అన్నది ఇక్కడ ముఖ్య సూత్రం. లినక్స్ లైవ్ సీడీ లేదా యూఎస్‌బీతో కంప్యూటరును నడిపి, గ్నూ డీడీరెస్క్యూ ద్వారా మొత్తం డిస్కును మరో డిస్కుకు నకలు తీయవచ్చు. ఇది చదవగలిగిన భాగాలను ముందుగా తీసుకొని, పాడైన చోట్లకు తరువాత తిరిగి వస్తుంది. పార్టిషన్లను వెదికే టెస్ట్‌డిస్క్ వంటి ఉపకరణాలను ఆ నకలుపైనే ప్రయోగించాలి.

శబ్దం చేస్తున్న డిస్కును వెంటనే ఆపివేయాలి. ఆన్ చేసిన ప్రతిసారీ హెడ్లు లోపలి బిళ్ళలను గీకే ప్రమాదం ఉంది. హెడ్లకూ బిళ్ళలకూ మధ్య ఎడం కొద్ది నానోమీటర్లే కనుక ధూళి లేని ప్రత్యేక గదిలో తప్ప డిస్కును విప్పరాదు. అదే మోడలు సర్క్యూట్ బోర్డును మార్చినా చాలా డిస్కులు పనిచేయవు. ప్రతి డిస్కుకూ ప్రత్యేకమైన కొలతలు దాని బోర్డుపైనున్న చిప్పులో ఉండటమే ఇందుకు కారణం.

సీగేట్ ఉదంతం

సీగేట్ సంస్థకు చెందిన బారకుడా 7200.11 శ్రేణిలో కొన్ని డిస్కులు ఆన్ చేసినపుడు హఠాత్తుగా బయోస్‌కు కనబడకుండా పోయాయి. ఫర్మ్‌వేర్ లోపమే ఇందుకు కారణమని 2009 జనవరిలో సంస్థ అంగీకరించింది. బిళ్ళలపై ఉన్న సమాచారం చెడలేదు, దానిని చేరే దారి మాత్రమే మూసుకుపోయింది. సరిచేసిన ఫర్మ్‌వేర్ ఇంకా పనిచేస్తున్న డిస్కులకే ఉపయోగపడింది. అప్పటికే మూగబోయిన వాటికి ప్రత్యేక పద్ధతులు అవసరమయ్యాయి. అటువంటి డిస్కు పూర్తిగా చెడిపోయిందని పారవేసినవారు భద్రంగా ఉన్న సమాచారాన్ని కోల్పోయినట్లే.

ఇవి కూడా చూడండి

* హార్డ్ డిస్కు
* బయోస్
* బ్యాకప్