ఏ మృగానికి ఏ మొన?

మన పెద్దలకు వేట ఒక విద్య. ఇటుకుల పండుగ నాడు మన్యంలో మగవాళ్లంతా విల్లంబులు పట్టి వేటకు వెళ్లిన రోజులు మన తాతలకు బాగా తెలుసు. పిట్టకు మొద్దు మొన, పెద్ద జంతువుకు వెడల్పాటి ఇనుప మొన. పిట్ట చితికిపోకూడదు, పెద్ద జంతువు గాయంతో అడవిలో తిరుగుతూ నరకం పడకూడదు. తుపాకీ తూటా ఆకారం వెనుక ఉన్నదీ ఇదే లెక్క.

పాత నాటు తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. మూతివైపు నుంచి మందు పోసి, పైన గుండ్రని సీసపు గుండు కూరాలి. అది దగ్గరి గురికే పనికొస్తుంది. గొట్టం లోపల మెలికల గాడులు తీసిన రైఫిల్‌కు కోలగా, మొనదేలిన తూటా కావాలి. 1849లో ఫ్రాన్సు సైనికాధికారి మినియే అడుగు బోలుగా ఉండే తూటా చేశాడు. పేలగానే ఆ అడుగు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది, తూటా గిర్రున తిరుగుతూ తిన్నగా పోతుంది.

తరువాత సీసం మీద గట్టి లోహపు తొడుగు వచ్చింది. ఆ తూటా ఒంట్లోంచి దూసుకుపోతోందని, 1890లలో కలకత్తా దగ్గరి దమ్‌దమ్ కర్మాగారంలో మొన దగ్గర తొడుగు లేకుండా చేశారు. ఒంట్లో దిగగానే అది విచ్చుకుని పెద్ద గాయం చేస్తుంది. జంతువు వెంటనే పడిపోవాలని వేటగాళ్లు వాడే తూటా అది. దాన్నే మనుషుల మీద వాడారు. 1899లో హేగ్ సమావేశం యుద్ధాల్లో దాన్ని నిషేధిస్తే బ్రిటన్ ఒప్పుకోలేదు. అనాగరిక జాతులు మామూలు తూటాకు ఆగరని దాని ప్రతినిధి వాదించాడు. 1907లో గాని బ్రిటన్ దిగిరాలేదు.

కొండజాతులను మృగాల లెక్కన కట్టిన ఆ ప్రభుత్వం మీదే 1922లో మన్యం తిరగబడింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి అల్లూరి సీతారామరాజు దళం తుపాకులూ తూటాలూ పట్టుకెళ్లింది. తూటాలు కూడా ఎందుకని మా హాస్టల్ పిల్లలు అడుగుతుంటారు. నాటు తుపాకీకి సీసం కరిగించి గుండు మనమే పోసుకోవచ్చు. పోలీసు తుపాకీకి దాని కొలతకు కర్మాగారంలో చేసిన తూటాయే కావాలి. అది లేకపోతే తుపాకీ ఉత్త కర్రే.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో దళం మాటువేసింది. ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనుక వస్తున్న తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చింది. అనాగరికులని పేరుపెట్టిన వాళ్ల ముందు మనవాళ్లు ఎవరిని కొట్టాలో, ఎవరిని విడవాలో తెలిసి గురిపెట్టారు. ఆ దళంలోని గాం మల్లుదొర జైలు గడిపి, 1952లో ఇదే విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. అడవిలో జంతువులు తగ్గిపోయాయి కాబట్టి అది అవసరమే. ఆ విద్య వెనుక ఉన్న వివేకం మాత్రం పోకూడదు. ఓడరేవూ ఉక్కు కర్మాగారమూ ఉన్న ఈ నగరంలో చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సెలవులకు ఊరెళ్లినప్పుడు తాతను కూర్చోబెట్టి ఏ మృగానికి ఏ మొన వాడేవారో అడగండి. ఆ మొనల పేర్లు మన భాషలోనే రాసి పెట్టండి.