అడ్డపొగ: మా సిక్కోలు ఇళ్ల కథ

నిన్న సెలవు. ముసఫ్ఫా క్యాంపులో సిగరెట్ వెలిగించుకుని ఇంటికి వీడియో కాల్ చేశాను. పద్నాలుగేళ్ల మా అబ్బాయి పెన్ను వేళ్ల మధ్య పెట్టుకుని, అచ్చం నాలాగే పొగ వదిలినట్టు చేసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రాత్రంతా మా మామ్మే గుర్తొచ్చింది.

మా సిక్కోలు, విశాఖ పల్లెల్లో అడ్డపొగ ఉండేది. చుట్టకి నిప్పున్న వేపు నోట్లో పెట్టుకుని పీల్చడం. ఎక్కువగా ఆడవాళ్లే. గాలికి ఆరదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, చంకలో బిడ్డ మీద నిప్పు రాలదు అనేవారు. కడుపుతో ఉన్నా మానేవారు కాదు. తప్పని చెప్పినవాళ్లూ లేరు. మామ్మ కాల్చింది. మా అమ్మ నన్ను మోస్తూ కాల్చింది. పొయ్యి దగ్గర మామ్మ చుట్ట వెలిగించి ఇచ్చేది నేనే. తొమ్మిదేళ్లకి నా మొదటి దమ్ము అదే.

1957లో రెడ్డి, రావు అనే డాక్టర్లు కోస్తాలో అంగిలి క్యాన్సర్‌కి ఈ అలవాటే కారణమని రాశారు. 1971లో అచ్చయిన ఇంకో పరిశోధన కోసం మన పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూశారు. నూటికి సుమారు 44 మంది అడ్డపొగ తాగేవాళ్లే. మా మామ్మకీ అంగిట్లోనే పుండు లేచింది. ఆఖరికి గంజి కూడా దిగలేదు.

అదే 1957లో అమెరికాలో సింప్సన్ గారు, కడుపుతో ఉండి సిగరెట్ తాగే తల్లులకి తక్కువ బరువు పిల్లలు ఎక్కువగా పుడుతున్నారని రాశారు. నికోటిన్ మాయ దాటి బిడ్డ రక్తంలోకి పోతుంది. 1994లో అక్కడే కాండెల్ బృందం, అలాంటి తల్లుల కూతుళ్లు తర్వాత సిగరెట్ పట్టడం ఎక్కువని తేల్చింది. కడుపులోనే తగిలిందా, ఇంట్లో చూసి నేర్చారా అనే వాదన ఉంది. నా విషయంలో రెండూ జరిగాయి.

మనం బతుకుతున్న ఈ దేశంలో 2009 నాటి 15వ నంబరు చట్టం ఉంది. పన్నెండేళ్ల లోపు పిల్లలున్న కారులో పొగ తాగకూడదు. ఇక్కడ జరిమానాకి భయపడతాం. లీవుకెళ్లి, కడుపుతో ఉన్న భార్య పక్కనే కూర్చుని కాలుస్తాం. నేను చేసిందదే. మా ఆవిడ ఏనాడూ తాగలేదు. అయినా కడుపులో ఉన్న మా వాడికి నా పొగ తగిలింది.

మామ్మకి తెలీదు. మనకి తెలుసు. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే, ఈసారి లీవుకెళ్లేటప్పుడు సిగరెట్ పెట్టె ఎయిర్‌పోర్టులోనే పారేసి వెళ్లండి తమ్ముళ్లూ.

నేను నిన్నటి నుంచి వెలిగించలేదు. వారం గడిచాక మళ్లీ రాస్తాను.