ఉబుంటు ఎల్‌టీఎస్ అప్‌గ్రేడ్: ఎదురుచూపుల చరిత్ర

లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటులో రెండేళ్లకోసారి, ఏప్రిల్ నెలలో, దీర్ఘకాలిక మద్దతు ఉండే విడుదల వస్తుంది. దాన్నే వాడుకలో ఎల్‌టీఎస్ అంటారు. అయితే పాత ఎల్‌టీఎస్‌తో నడుస్తున్న కంప్యూటర్‌కు కొత్తది వచ్చిన రోజే అప్‌గ్రేడ్ కబురు అందదు. సంఖ్య చివర ‘.1’ చేరిన తొలి సవరణ కూర్పు వెలువడ్డాకే ఆ దారి తెరుచుకుంటుంది. ఈ నిరీక్షణ ఒకప్పుడు సుమారు మూడు నెలలు. 2024లో నాలుగు నెలలు దాటింది. చాలామందికి ఇది గడువు తప్పడంగానే కనిపిస్తుంది. కానీ ఉబుంటు చరిత్రను మొదటి నుంచి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. చెప్పిన తేదీకి విడుదల చేసే పద్ధతి రెండు దశాబ్దాలు నిలిచిందంటే, పూర్తిగా సిద్ధమయ్యేదాకా ఆగే వెసులుబాటును ఈ అప్‌గ్రేడ్ గుమ్మం దగ్గర అట్టిపెట్టుకోవడం వల్లనే.

దీని మూలాలు డెబియన్ అనే మరో లినక్స్ వ్యవస్థలో ఉన్నాయి. ఉబుంటు తన ప్యాకేజీల్లో అత్యధిక భాగాన్ని అక్కడి నుంచే తీసుకుంటుంది. సిద్ధమైనప్పుడే విడుదల అన్నది డెబియన్ నియమం. దానికి నమ్మకమైన వ్యవస్థగా పేరు తెచ్చిన ఆ నియమమే వాడుకరులను ఏళ్ల తరబడి ఎదురుచూసేలా చేసింది: 2002 జూలైలో ‘వూడీ’ అనే కూర్పు వచ్చాక తర్వాతిదైన ‘సార్జ్’ కోసం 2005 జూన్ దాకా ఆగవలసి వచ్చింది. ఆ విరామంలోనే, 2004 అక్టోబరులో, మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన కెనానికల్ సంస్థ ఉబుంటు తొలి కూర్పు 4.10ను తెచ్చింది. ఏడాది, నెల కలిపితే కూర్పు సంఖ్య. ఆరు నెలలకో విడుదల. ఇక్కడ తేదీయే వాడుకరికి ఇచ్చిన మాట. ఆ మాట సడలింది తొలి ఎల్‌టీఎస్ దగ్గరే. 2006 ఏప్రిల్‌లో 6.04గా రావలసిన ‘డాపర్ డ్రేక్’ను ఆరు వారాలు వాయిదా వేద్దామని షటిల్‌వర్త్ ప్రతిపాదించారు. పరీక్షలకు, స్థానికీకరణకు మరికొంత వ్యవధి కావాలన్నది కారణం. జూన్ 1న అది 6.06గా వెలువడింది. డెస్క్‌టాప్‌కు మూడేళ్లు, సర్వర్‌కు ఐదేళ్లు మద్దతు ఇస్తామని పూచీపడ్డవాళ్లు అంతమాత్రం జాప్యం చేయడం సబబే. ఆ తర్వాత 2008 నుంచి 2024 వరకు వచ్చిన తొమ్మిది ఎల్‌టీఎస్‌లలో ఒక్కటీ ఏప్రిల్ దాటలేదు.

తేదీ కదలకపోతే, మిగిలిపోయిన లోపాల బరువు ఎక్కడో ఒకచోట పడాలి. ఖాళీ డిస్క్ మీద కొత్తగా వేసుకునే ఇన్‌స్టాలేషన్‌ను ముందే పరీక్షించడం కష్టం కాదు, ఎందుకంటే దాని ప్రారంభస్థితి అందరి దగ్గరా ఒకటే. పాత వ్యవస్థ మీద జరిగే అప్‌గ్రేడ్ అలాంటిది కాదు. రెండేళ్లలో వాడుకరి బయటి మూలాల నుంచి తెచ్చుకున్న ప్యాకేజీలు, చేత్తో మార్చిన కాన్ఫిగరేషన్ ఫైళ్లు, కదలకుండా పట్టి ఉంచిన పాత కూర్పులు, వీటిలో ఏ రెండు కంప్యూటర్లూ ఒకలా ఉండవు. వేల ప్యాకేజీల్లో దేన్ని మార్చాలో, దేన్ని తీసేయాలో ‘ఆప్ట్’ అనే సాధనం లెక్కగట్టాలి. పైగా ఇది ఒకవైపు దారి. వెనక్కి పాత విడుదలకు దిగే మార్గానికి మద్దతు లేదు. ముందుగా దాచుకున్న నకలే దిక్కు. అందుకే ఈ గుమ్మానికి కాపలా అవసరమైంది. ఆ కాపలా ఏర్పాటు చాలా సాదాసీదాది. ఉబుంటు వారి సర్వర్‌లో విడుదలల వివరాలుండే ఒక చిన్న ఫైలును కంప్యూటర్లు అప్పుడప్పుడు చూసుకుంటాయి. ఎల్‌టీఎస్ వాడుకరుల కోసం ఉన్న ఆ ఫైలులో కొత్త విడుదలను అనుమతిస్తేనే అప్‌గ్రేడ్ సూచన తెరమీదికొస్తుంది.

ఆ గుమ్మం తెరుచుకునే తేదీలు క్రమంగా వెనక్కి జరగడం గమనించదగ్గది. 14.04.1 2014 జూలై 24న, 16.04.1 2016 జూలై 21న, 18.04.1 2018 జూలై 26న వచ్చాయి. 2020లో అది ఆగస్టు 6కు చేరింది. 22.04.1ను 2022 ఆగస్టు 4న విడుదల చేయాలనుకున్నారు. తయారీదారుల ఇన్‌స్టాలేషన్ పద్ధతిలో స్నాప్ ప్యాకేజీలు నడవని లోపం బయటపడి 11కు మార్చారు. 2024 కథ ఇంకా చిక్కైనది. మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనంలో దొంగదారి ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు వెల్లడించారు. దాంతో కెనానికల్ ప్యాకేజీలను మళ్లీ నిర్మించింది. ఏప్రిల్ 4న రావలసిన బీటా వారం ఆలస్యమైంది. అయినా తుది విడుదల ఏప్రిల్ 25నే వచ్చింది. పరీక్షకు దొరికిన వ్యవధి తగ్గింది, తేదీ మాత్రం కదలలేదు. 2038లో 32-బిట్ కాలగణన పొంగిపోయే సమస్యకు ముందుజాగ్రత్తగా అనేక లైబ్రరీ ప్యాకేజీల పేర్లు మారిందీ ఈ విడుదలలోనే. పేర్లు మారితే ఆప్ట్ లెక్క మరింత క్లిష్టమవుతుంది. ఆగస్టు 15న రావలసిన 24.04.1 29వ తేదీకి వాయిదా పడింది. అప్‌గ్రేడ్‌లను తీవ్రంగా దెబ్బతీసే లోపాలే కారణమని విడుదల బృందం ప్రకటించింది.

ఈ పద్ధతి మీద అభ్యంతరాలు లేకపోలేదు. ఆగినన్నాళ్లు కంప్యూటర్ రక్షణ లేకుండా ఉంటుందన్నది మొదటిది. ఇది నిలవదు. 12.04 నుంచి డెస్క్‌టాప్‌కూ ఐదేళ్ల మద్దతు ఉంది, 22.04 వాడేవారికి భద్రతా సవరణలు 2027 వరకు అందుతాయి. కొత్త హార్డ్‌వేర్‌కు కావలసిన కెర్నెల్ కూడా 12.04.2 నుంచి పాత ఎల్‌టీఎస్‌లకే వస్తోంది. సిద్ధం కానిదాన్ని ఏప్రిల్‌లో విడుదల అనడం ఎందుకన్నది రెండో ప్రశ్న. కొత్తగా వేసుకునేవారికి అది సిద్ధంగానే ఉంది. తొందరపడేవారు అప్‌గ్రేడ్ ఆదేశానికి ఒక ప్రత్యేక సూచన జోడించి ముందే వెళ్లవచ్చు. మూడో అభ్యంతరంలో మాత్రం నిజంగా బలముంది. ఎల్‌టీఎస్‌ల మధ్య వచ్చే విడుదలలకు తొమ్మిది నెలల మద్దతే. 23.10కి అది 2024 జూలైలోనే ముగిసింది. ఆ వాడుకరులకు ఏప్రిల్ తర్వాత దక్కే గడువు మూడు నెలలు కూడా ఉండదు. వాళ్ల దారి నాలుగు వారాలు మూసుకున్నా ఇబ్బందే. సహనం సుఖంగా సాగేది ఎల్‌టీఎస్ వాడుకరికే అని ఒప్పుకోక తప్పదు.

ఇన్నాళ్లు ఆగినా అప్‌గ్రేడ్ చెడితే ఆగి లాభమేమిటన్నది చివరి అభ్యంతరం. 2024 సెప్టెంబరులో సరిగ్గా అదే జరిగింది. 24.04.1 వచ్చాక 22.04 వాడుకరులకు తెరిచిన దారిని మళ్లీ మూసేయవలసి వచ్చింది. అప్‌గ్రేడ్ సాధనం ఆప్ట్ లెక్కను వాడుకునే తీరులో తీవ్రమైన దోషం దొరికింది. లోపాలన్నిటినీ నిరీక్షణ పట్టలేదని ఇది రుజువు చేసింది. అదే సమయంలో, అందరికీ ఒకే ఫైలు ద్వారా అనుమతి ఇచ్చే ఏర్పాటు విలువ కూడా తేటతెల్లమైంది. ఆ అనుమతిని వెనక్కి తీసుకోగానే, అప్పటికింకా బయల్దేరని కంప్యూటర్లు మద్దతున్న 22.04 మీదే భద్రంగా నిలిచిపోయాయి. దోషం దిద్దాక దారిని తిరిగి తెరిచారు.