బంతి పట్టినవాడికి డాక్టరు సీటు
లండన్ ఆసుపత్రుల రగ్బీ కథ

"స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయవోయ్. నీ వంతెనల గురించి మాత్రం వద్దు" అని మన సంఘం కార్యదర్శి ఫోన్‌లో ముందే చెప్పేశాడు. రజతోత్సవ సంచికలో కాంక్రీటు పగుళ్ల మీద నేను రాసిన వ్యాసం ఎవరూ చదవలేదని వాడి భావం. నిజమే అయ్యుంటుంది. అందుకని ఈసారి ఒక ఆట గురించి రాస్తున్నాను. అది మన బడిలో ఎవరూ ఆడని ఆట. అయినా దాన్ని గుర్తు చేసింది మన బడి మైదానమే.

మన డ్రిల్లు పీరియడ్లు గుర్తున్నాయి కదా! మగపిల్లలం చెడుగుడు కూతకి దిగేవాళ్లం. ఆడపిల్లలు వేపచెట్టు కింద అంచులు కుట్టుకుంటూ కూర్చునేవాళ్లు. నాకంటే రెండు తరగతులు పైన చదివిన మా అక్క కూడా ఆ చెట్టు కిందే ఉండేది. చింతకాయలు కోసి తోటమాలికి దొరక్కుండా పరిగెత్తడంలో మా వీధిలో దాన్ని మించినవాళ్లు లేరు. కానీ మైదానంలో దాని పరుగు ఎంతో ఎవరూ చూడలేదు. అక్క డాక్టరు చదివి 1993లో ఇంగ్లండు వెళ్లింది. అక్కడ ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేశారు. వైద్యం ప్రశ్నలు అయిపోయాక ఒక పెద్దాయన "మీరు ఏ ఆటలు ఆడతారు?" అని అడిగాడట. అక్క నిజాయితీగా తొక్కుడుబిళ్ల ఎలా ఆడతారో వివరించిందట. అందరూ హాయిగా నవ్వారు. ఉద్యోగం రాలేదు. తర్వాత వేరేచోట వచ్చింది, అది వేరే సంగతి. "డాక్టరు పనికీ ఆటకీ ఏం సంబంధంరా?" అని అక్క ఆ రాత్రి ఫోన్‌లో అడిగిన మాట చాలాకాలం నాతో ఉండిపోయింది. పని మీద లండన్‌లో రెండేళ్లు ఉన్నప్పుడు, ఖాళీ ఆదివారాల్లో ఆ సంబంధమేమిటో వెతికాను.

ముందు ఆట సంగతి. బొప్పాయి పండులాంటి బంతి. చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, అవతలి గీత దాటి నేలకి ఆనించాలి. చేత్తో ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే. బంతి ఉన్నవాణ్ని అవతలివాళ్లు నడుము పట్టో కాళ్లు పట్టో పడగొట్టవచ్చు. కూతకి వచ్చినవాణ్ని మనం పట్టేసే పట్టు లాంటిదే, కాకపోతే వాడు పరుగు మీద ఉంటాడు. రగ్బీ అనే ఊళ్లోని బడిలో పుట్టిన ఆట కాబట్టి ఆ పేరు.

ఇక ఆసుపత్రులు. లండన్‌లో వైద్య విద్య యూనివర్సిటీ భవనాల్లో కాక ఆసుపత్రుల్లోనే పెరిగింది. గైస్, సెయింట్ థామస్, సెయింట్ బార్తలోమ్యూ, సెయింట్ జార్జ్, సెయింట్ మేరీస్ ఇలా ఒక్కో ఆసుపత్రికి ఒక్కో వైద్య పాఠశాల. వీటిలో గైస్ ఆసుపత్రిని కట్టించింది పుస్తకాలమ్మి డబ్బు చేసుకున్న థామస్ గై. ఆ విద్యార్థుల రగ్బీ క్లబ్బు 1843లో పుట్టిందని చెప్పుకుంటారు. ప్రపంచంలో అన్నిటికంటే పాత రగ్బీ క్లబ్బు మాదేనని వాళ్ల వాదన. ఆ మాట ఒప్పుకోని క్లబ్బులూ ఉన్నాయి. రగ్బీ బడివాళ్లే తమ ఆట నియమాలను 1845లో గాని కాగితం మీద పెట్టలేదు. మరి 1843లో గైస్ కుర్రాళ్లు ఏ నియమాలతో ఆడారు? ఎవరు వచ్చిన బడి నియమం వాళ్లది అయి ఉంటుంది, ఏ నియమం చెల్లాలో ఆటకి ముందు కాసేపు పోట్లాడుకుని ఉంటారు. మనం గోలీలాటకి ముందు చేసింది అదే కదా!

ఆ రోజుల్లో రగ్బీలో మోకాలి కింద ముందు ఎముక మీద బూటుకాలితో తన్నడం న్యాయమే. దాన్ని హాకింగ్ అనేవారు. 1870 నవంబరులో "ఒక సర్జన్" అని మాత్రమే సంతకం పెట్టి ఎవరో టైమ్స్ పత్రికకి లేఖ రాశారు. రగ్బీ బడిలో ఆట వల్ల పిల్లలకి తగులుతున్న దెబ్బల మీద ఆ లేఖ. దాని మీద పెద్ద రచ్చే జరిగింది. మరుసటి నెలలోనే రెండు క్లబ్బుల వాళ్లు, అందరికీ ఒకే నియమావళి ఉండాలని అదే పత్రికలో పిలుపునిచ్చారు. 1871 జనవరి 26న లండన్‌లో ఒక భోజనశాలలో 21 క్లబ్బుల ప్రతినిధులు కూర్చుని రగ్బీ సంఘాన్ని స్థాపించారు. గైస్ ఆసుపత్రి ఆ 21లో ఒకటి. కొత్త నియమాల్లో కాలి తన్నులు పోయాయి. డాక్టర్లు ఈ ఆటని పెంచినవాళ్లే, దీని మీద కేకలు వేసినవాళ్లు కూడా. ఈ రెండు ముఖాలూ చివరిదాకా కనిపిస్తాయి.

1875లో ఆసుపత్రుల మధ్య కప్పు పోటీ మొదలైంది. ఇప్పటికీ నడుస్తున్న రగ్బీ కప్పు పోటీల్లో అన్నిటికంటే పాతది అదేనంటారు. మొదటి ఏడు సెయింట్ జార్జ్‌ని ఓడించి గైస్ గెలిచింది. దీనికి సరిగ్గా ఒక ఏడాది ముందు, 1874లో, అదే నగరంలో సోఫియా జెక్స్-బ్లేక్ ఆడవాళ్ల కోసం విడిగా ఒక వైద్య పాఠశాల పెట్టించింది. కప్పు కోసం తలపడుతున్న ఆసుపత్రుల పాఠశాలల్లో ఒక్కదానిలోనూ ఆడవాళ్లకి చోటు లేకపోవడం వల్ల. ఈ రెండు తేదీలూ పక్కపక్కన కనిపించేసరికి నాకు మన వేపచెట్టు గుర్తొచ్చింది.

మధ్యలో మన దేశం ముచ్చట ఒకటి. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో ఇంగ్లీషువాళ్లు ఒకవైపు, స్కాట్లండు, ఐర్లండు, వేల్స్ వాళ్లు ఒకవైపు చేరి రగ్బీ ఆడారు. మర్నెలలో క్లబ్బు పెట్టారు. ఆ ఎండలకి రగ్బీ కంటే పోలో, టెన్నిసే నయమనిపించి నాలుగైదేళ్లకే మూసేశారు. బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలు తీసి కరిగించి, నాగుపాము పిడులతో, మూత మీద ఏనుగుతో ఒక కప్పు చేయించి లండన్ పంపారు. ఇంగ్లండు, స్కాట్లండు జట్లు 1879 నుంచి ఆ కలకత్తా కప్పు కోసమే ఆడుతున్నాయి.

వైద్య విద్యార్థులే ఈ ఆటని ఇంతగా ఎందుకు పట్టుకున్నారు? నాకు అర్థమైనంతలో మొదటి కారణం, వాళ్లలో చాలామంది ఈ ఆట ఆడే ఖరీదైన బడుల నుంచే వచ్చారు. రెండో కారణం లోతైనది. 1948లో ప్రభుత్వ ఆరోగ్య సేవ వచ్చేదాకా పెద్దాసుపత్రుల పెద్ద డాక్టర్లకి అక్కడ జీతం ఉండేది కాదు. బయటి ప్రైవేటు రోగులే వాళ్ల బతుకుతెరువు. ఆ రోగుల్ని పంపేది ఊళ్లలోని చిన్న డాక్టర్లు. వాళ్లు ఎవరికి పంపుతారు? తమకి పాఠం చెప్పినవారికి, తమతో ఒక జట్టులో ఆడినవారికి. కుర్ర డాక్టరుకి మొదటి ఉద్యోగం ఇచ్చేదీ ఆ పెద్ద డాక్టరే. శనివారం బురదలో కలిసి పడినవాళ్ల మధ్య సోమవారం నుంచి జీవితాంతం నడిచే ఇచ్చిపుచ్చుకోలు అన్నమాట. మా శాఖలో గుత్తేదార్ల పెళ్లి భోజనాలు చూసినవాణ్ని కాబట్టి నాకు ఇది తొందరగానే బోధపడింది.

ఆటలో గొప్పవాళ్లూ వచ్చారు, కాదనను. 1905 డిసెంబరు 16న కార్డిఫ్‌లో న్యూజిలాండును వేల్స్ 3–0తో ఓడించింది. 35 మ్యాచ్‌ల ఆ పర్యటనలో న్యూజిలాండు ఓడినది అదొక్కటే. ఆ ఒక్క స్కోరూ చేసిన టెడ్డీ మోర్గన్ గైస్‌లో వైద్యం చదివినవాడు. అంతకు ముందు ఏడాది ఆస్ట్రేలియా వెళ్లిన బ్రిటిష్ జట్టుకి నాయకుడు బెడెల్-సివ్‌రైట్. ఆయన తర్వాత ఎడిన్‌బరాలో వైద్యం చదివి, నౌకాదళంలో సర్జన్‌గా చేరి, 1915లో గలిపోలీ యుద్ధభూమిలో తూటాకి కాక రక్తం విషమించి చనిపోయాడు. దేహాన్ని సముద్రంలోనే వదిలారు.

సెయింట్ మేరీస్ కథ దగ్గర కొంచెం ఆగాలి. 1920 నుంచి 1945 దాకా ఆ పాఠశాలకి డీన్ చార్లెస్ విల్సన్. తర్వాత లార్డ్ మోరాన్ అయ్యాడు, చర్చిల్ సొంత డాక్టరు కూడా ఆయనే. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో సైనికులతో గడిపి, ధైర్యం అంటే ఏమిటో ఒక పుస్తకమే రాశాడు. మంచి డాక్టరుకి కావలసింది గుండె నిబ్బరమనీ, అది మార్కుల్లో కనిపించదు, మైదానంలో కనిపిస్తుందనీ ఆయన నమ్మకం. రగ్బీ ఆడేవాళ్లని ఏరి తెచ్చుకున్నాడు. దక్షిణాఫ్రికా తరఫున టెస్టు క్రికెట్టులో సెంచరీ కొట్టిన ఓవెన్-స్మిత్ అలా సెయింట్ మేరీస్‌లో వైద్యం చదివి, 1937లో ఇంగ్లండు రగ్బీ జట్టుకి నాయకుడయ్యాడు. ఇంటర్వ్యూలో కుర్రాడి మీదకి బంతి విసిరేవారనీ, పట్టుకుంటే సీటు, తిరిగి తన్నితే స్కాలర్‌షిప్పు అనీ ఆ రోజుల ఇంటర్వ్యూల మీద ఒక హాస్యకథ కూడా పుట్టింది. కథే కావచ్చు. కానీ వట్టి అడవిలో పొగ లేవదు.

మోరాన్ మాటలో నిజం లేదని నేను అనలేను. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ సెయింట్ మేరీస్‌ని ఎంచుకుంది ఒకప్పుడు వాళ్లతో వాటర్ పోలో ఆడినందుకట. చదువయ్యాక అక్కడే ప్రయోగశాలలో ఉండిపోయింది, తుపాకీ గురి క్లబ్బు మంచి గురికాణ్ని వదులుకోవడం ఇష్టం లేక చోటు చూపించినందుకట. ఆటలవాళ్ల అభిమానం లేకపోతే ఆ బూజుపట్టిన పళ్లెం ఏమయ్యేదో.

కానీ అవతలి పక్క చూడండి. మొదటి యుద్ధంలో కుర్రాళ్లు సైన్యానికి పోతే బెంచీలు ఖాళీ అయ్యాయి. సెయింట్ మేరీస్‌తో సహా కొన్ని ఆసుపత్రులు ఆడపిల్లల్ని చేర్చుకున్నాయి. వాళ్లు బాగానే చదివారు. యుద్ధం అయిపోయి మగపిల్లలు తిరిగొచ్చాక, 1920 దశకంలో ఒక్కొక్క ఆసుపత్రే మళ్లీ తలుపు వేసేసింది. ఆడవాళ్లు వద్దని చెప్పిన కారణాల్లో, ఆటల్లో మన పేరు పడిపోతోంది, రగ్బీకి మనుషులు చాలడం లేదు అన్నది ఒకటి. సీట్లు అవే, ఆడపిల్ల కూర్చున్న ప్రతి సీటూ జట్టుకి ఒక ఆటగాణ్ని తక్కువ చేస్తుందని లెక్క. లెక్కలు కట్టడమే వృత్తిగా బతికిన నాకు ఇంతకంటే చెడ్డ లెక్క తారసపడలేదు. 1944లో గుడ్‌ఇనఫ్ కమిటీ, ఆడవాళ్లని తగుపాటి సంఖ్యలో చేర్చుకుంటేనే ప్రభుత్వ డబ్బు ఇవ్వాలని సిఫారసు చేశాకే ఆ తలుపులు కదిలాయి.

పోయిందనుకున్న లెక్క మరో రూపంలో తిరిగొచ్చింది. 1980 దశకం మొదట్లో సెయింట్ జార్జ్ వైద్య పాఠశాల దరఖాస్తులు వడపోయడానికి ఒక కంప్యూటర్ ప్రోగ్రాం వాడింది. పాత ఇంటర్వ్యూ బోర్డుల ఎంపికలనే అది నమూనాగా తీసుకుంది. ఆడవాళ్లకీ, యూరప్ పేర్లు కానివాళ్లకీ మార్కులు తగ్గిస్తోందని, ఏటా సుమారు 60 మందికి ఇంటర్వ్యూ పిలుపే రాకుండా పోయిందని 1988లో విచారణ తేల్చింది. యంత్రం కొత్తగా ఏ తప్పూ చేయలేదు. పెద్దమనుషులు అప్పటిదాకా చేస్తున్నదే శ్రద్ధగా నేర్చుకుంది. అక్క ఇంగ్లండులో దిగింది దానికి అయిదేళ్ల తర్వాత.

ఇంత రాశాక కూడా ఇద్దరు మనుషుల్ని వదలబుద్ధి కావడం లేదు. ఒకరు జాక్ కైల్. బెల్‌ఫాస్ట్‌లో వైద్యం చదువుతూనే 1948లో ఐర్లండు ఆడిన మ్యాచ్‌లన్నీ గెలిచిన జట్టులో ఆడాడు. అలాంటి గెలుపు ఐర్లండుకి మళ్లీ 2009 దాకా రాలేదు. అంత పేరున్నవాడు 1966లో జాంబియాలో చింగోలా అనే రాగి గనుల ఊరికి సర్జన్‌గా వెళ్లి, 2000 దాకా, అంటే 34 ఏళ్లు అక్కడే కత్తి పట్టాడు. రెండోవారు వేల్స్ ఆటగాడు, సెయింట్ మేరీస్ విద్యార్థి జె.పి.ఆర్. విలియమ్స్. 1978లో న్యూజిలాండు మీద ఆడుతుండగా ఎవరిదో బూటు చెంపని చీల్చేసింది. డాక్టరైన తండ్రి పక్కకి తీసుకెళ్లి 30 కుట్లు వేశాడు. కొడుకు మళ్లీ మైదానంలోకి దిగాడు. ఆయన తర్వాత ఎముకల సర్జన్‌గా పనిచేసి 2024 జనవరిలో పోయారు.

1995లో రగ్బీ జీతాల ఆట అయ్యాక ఇలాంటివాళ్లు అరుదైపోయారు. వేల్స్ ఆటగాడు జేమీ రాబర్ట్స్ 2013లో వైద్య పట్టా పుచ్చుకోవడమే ఒక వార్త అయింది. ఆసుపత్రుల పాఠశాలలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. గైస్, కింగ్స్, సెయింట్ థామస్ ఇప్పుడు ఒకే జట్టు. కప్పు మాత్రం నడుస్తోంది.

మా మేనకోడలు లండన్‌లో వైద్యం మూడో ఏడు చదువుతోంది. కిందటి శీతాకాలం నేను వెళ్లినప్పుడు, "మామయ్యా, ఆదివారం మా మ్యాచ్ ఉంది, అమ్మని కూడా లాక్కురా" అంది. ఏ మ్యాచ్ అని అడిగితే రగ్బీ అంది. వాళ్ల కాలేజీ ఆడపిల్లల జట్టులో అంచున పరిగెత్తే చోటట. సన్నటి వాన. నేనూ అక్కా ఒకే గొడుగు కింద గీత పక్కన నిలబడ్డాం. రోజూ విరిగిన ఎముకలు చూసే అక్క, పిల్ల మీద ముగ్గురు పడేసరికి గట్టిగా కళ్లు మూసుకుంది. తెరిచేసరికి అది లేచి మళ్లీ పరిగెత్తుతోంది, అచ్చం చింతతోపులో అక్క పరిగెత్తినట్టు, తల ఒకవైపు వాల్చి.

"ఒరేయ్, ఇందులో ఔటయ్యేది ఎప్పుడురా?" అని అడిగింది అక్క.

"ఔట్ లేదక్కా. పడితే లేవడమే."

వాళ్ల జట్టు ఓడిపోయింది. పిల్ల జుట్టు నుంచి బూట్ల దాకా బురదతో వచ్చి, బాక్సులో పులిహోర ఇంకా ఉందా లేదా అని అడిగింది.