చాల్ నుంచి లాటరీ దాకా: బొంబాయిలో మధ్యతరగతి ఇంటి చరిత్ర

బొంబాయి చాళ్ల మీద వచ్చిన సాహిత్యాన్ని గురించి రాసేటప్పుడు మనవాళ్లు అలవాటుగా రెండు మాటలు వాడుతుంటారు. ఒకటి ఇరుకు, రెండోది ఆత్మీయత. గది ఇరుకు, మనసు విశాలం అన్నమాట. ఈ రెండు మాటలతో పని ముగించుకోవడం నాకు మొదటినుంచీ నచ్చదు. ఆ ఇరుకుకు తేదీలున్నాయి, చట్టాలున్నాయి, దాన్ని కట్టించిన వాళ్ల జమాఖర్చులున్నాయి. కథకుడు గది కొలతలు చెప్పి ఊరుకోవచ్చు. విమర్శకుడు మాత్రం ఆ గది ఎవరు కట్టారు, ఎవరి కోసం కట్టారు, అద్దె ఎవరు నిర్ణయించారు అని అడగక తప్పదు.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. జనం ఊరొదిలి పారిపోయారు. మిల్లులు ఆగిపోయే పరిస్థితి వచ్చాకనే పాలకులకు కూలివాడి ఇల్లు కనిపించింది. 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. కిక్కిరిసిన పేటల్లోకి సముద్రపు గాలి రావాలని రోడ్లు తెరిచారు. రోడ్ల కోసం ఇళ్లు కూల్చారు. తొలి సంవత్సరాల్లో ట్రస్టు కట్టిన గదుల కంటే కూల్చిన గదులే ఎక్కువ. నిలువనీడ పోయినవాళ్లు పక్క పేటలో ఇంకా ఇరుకైన గదుల్లో సర్దుకున్నారు. ఇళ్ల సమస్యను పెట్టుబడిదారీ వర్గం పరిష్కరించదు, ఒకచోటినుంచి మరోచోటికి నెడుతుంది అని ఎంగెల్స్ 1872లోనే తన వ్యాసాల్లో వివరించాడు. ఆ సూత్రీకరణకు బొంబాయి ట్రస్టు కంటే మంచి ఉదాహరణ మన దేశంలో దొరకదు.

అయితే ట్రస్టు మరొక పని కూడా చేసింది. దాన్ని మనం అంతగా పట్టించుకోలేదు. కూలీలకు ఒంటిగది చాళ్లు కట్టిన ఆ సంస్థే, దాదర్, మాటుంగా ప్రాంతాల్లో పొలాలను చదును చేసి, రోడ్లు వేసి, గుమాస్తాలకూ ప్లీడర్లకూ ఉపాధ్యాయులకూ స్థలాలు ఏర్పాటు చేసింది. 1915లో గాందేవిలో సారస్వత సహకార గృహనిర్మాణ సంఘం వెలిసింది. మరుగుదొడ్డి ఇంట్లోనే ఉన్న 'ఫ్లాట్' అనే కొత్త జీవన విధానం ఇలాంటి సంఘాలతో మధ్యతరగతికి అలవాటైంది. వరండా చివర ఉమ్మడి మరుగుదొడ్డి ఉంటే చాల్, ఇంట్లోనే ఉంటే ఫ్లాట్. కార్మికుడికీ గుమాస్తాకూ మధ్య గీత జీతం దగ్గర కంటే ముందు ఇక్కడే పడింది. అంబేద్కర్ 1912 నుంచి 1934 దాకా పరేల్‌లోని ట్రస్టు చాల్‌లోనే కాపురమున్నాడు. పరదేశాల్లో చదివి, పట్టాలు పుచ్చుకుని తిరిగివచ్చింది ఆ గదులకే. ఆ తర్వాత దాదర్‌లోని హిందూ కాలనీలో పుస్తకాల కోసమే అన్నట్టుగా ఇల్లు కట్టుకున్నాడు. ఆ రెండు చిరునామాల మధ్య దూరం మైళ్లలో తక్కువే. ఆ దూరం నడవడానికి అంబేద్కరంతటి వాడికి ఇరవై రెండేళ్లు పట్టింది.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అద్దెలు మండిపోయాయి. గవర్నరు జార్జి లాయిడ్ 1920లో డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ పెట్టి, యాభై వేల గదులు కట్టిస్తానన్నాడు. అప్పు తెచ్చారు, పత్తి బేలుకు రూపాయి చొప్పున సుంకం వేశారు. చివరికి కట్టినవి వర్లీలో 121, నాయిగావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, శివ్‌డీలో 12, వెరసి 207 చాళ్లు. ఒక్కోదానిలో 80 గదులు, ఒక్కో గది 160 చదరపు అడుగులు. బీడీడీ చాళ్లంటే ఇవే. తమాషా ఏమంటే, ఊళ్లో జనం గది దొరక్క ఫుట్‌పాత్‌ల మీద పడుకుంటుంటే ఈ చాళ్లలో చాలా గదులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. అద్దె కూలివాడికి అందలేదు, వర్లీ అప్పటికి మిల్లుకూ బజారుకూ ఎడం. 1930ల శాసనోల్లంఘన కాలంలో వర్లీ చాళ్లలో కొన్నిటిని తాత్కాలిక జైలుగా వాడుకున్నారు. ఇల్లుగా పనికిరానిది జైలుగా అక్కరకొచ్చింది!

తరువాత అద్దె తగ్గింది, జనం వచ్చారు. అలా వచ్చినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అంతకు చాలాముందే, నైజాం ఇలాకానుంచి వెళ్లి ఆ నగరానికి రాళ్లు మోసి, గోడలు లేపిన తెలుగు కూలీలను అక్కడ 'కామాఠీ'లన్నారు. కామాఠీపురా అనే పేరు వారిదే. ఇవాళ ఆ పేరు వినగానే లోకానికి తట్టే అర్థం వేరు. ఒక శ్రామిక సమూహం పేరుకు అంతకు మించిన అవమానం జరిగిన సందర్భం నాకు తెలియదు. వెనక మిల్లుల కాలంలో కరీంనగర్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు మగ్గం వదిలి వర్లీ చేరారు. మా ప్రాంతంలో 'బొంబాయి పోయిండు' అంటే వర్లీకో భీవండికో పోయాడని అర్థం. నా క్లాసులో కూర్చున్న పిల్లల్లో కొందరి తాతలు ఆ 160 అడుగుల గదుల్లో వంతులవారీగా నిద్రపోయినవాళ్లు: పగటి పాళీవాడు లేస్తే రాత్రి పాళీవాడు అదే చాప మీద వాలేవాడు. తెలుగు కథ ఈ చాపను ఎందుకు సరిగా పట్టుకోలేదన్నది వేరే వ్యాసానికి విషయం.

1947లో వచ్చిన బొంబాయి అద్దెల నియంత్రణ చట్టం ఈ చరిత్రలో కీలకం. 1940 సెప్టెంబరు నాటి అద్దెలనే ప్రమాణంగా స్థిరపరచింది. మిల్లు కార్మికుడికీ బ్యాంకు గుమాస్తాకూ ఒకే చట్టం గొడుగు పట్టిన అరుదైన సందర్భం అది. దక్షిణ, మధ్య బొంబాయి చాళ్లలో మధ్యతరగతి నిలబడగలిగిందంటే, అక్కడినుంచి నాటకం, పత్రిక, గణేశోత్సవం, కార్మిక సంఘం నడిచాయంటే, ఆ అద్దె బిళ్ల దన్నుతోనే. ఇళ్ల యజమానులు దీనికి విరుగుడుగా 'పగ్డీ' కనిపెట్టారు. గది చేతులు మారినప్పుడల్లా రసీదు లేని పెద్ద మొత్తం. పాత అద్దెదారు సుఖపడ్డాడు, కొత్తగా ఊళ్లోకి వచ్చినవాడికి తలుపు మూసుకుపోయింది. మరమ్మతులు ఆగిపోయి కట్టడాలు వానాకాలంలో కూలడం మొదలైంది. 1969లో ప్రభుత్వం మరమ్మతుల కోసం పన్ను వేసి ప్రత్యేక బోర్డు పెట్టవలసివచ్చింది; దాని కిందికి వచ్చిన పాత కట్టడాలు సుమారు 19 వేలు. 1997లో సుప్రీంకోర్టు ఆ స్థిర అద్దె ఏర్పాటు కాలం చెల్లిందని తేల్చింది. 1999 నాటి కొత్త చట్టం ఏడాదికి నూటికి నాలుగు పెంచుకోనిచ్చింది, పగ్డీని చట్టబద్ధం చేసింది. అద్దెల చట్టమే నగరాన్ని చెడగొట్టిందని అర్థశాస్త్ర పండితులు చెబుతుంటారు. అందులో సగం నిజముంది. అద్దెను కట్టడి చేసిన ప్రభుత్వం తానే చాలినన్ని అద్దె ఇళ్లు కట్టి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న మాత్రం వాళ్లు వేయరు.

కట్టలేదా అంటే, కట్టింది. 1948 చట్టంతో హౌసింగ్ బోర్డు వచ్చింది. 1952లో పారిశ్రామిక కార్మికుల పథకం, 1954లో అల్పాదాయ వర్గాలకు, 1959లో మధ్యాదాయ వర్గాలకు వేరువేరు పథకాలు. విక్రోలీలో కన్నమ్‌వార్ నగర్, చెంబూరులో తిలక్ నగర్, బాంద్రా తూర్పున మధ్యాదాయ కాలనీ పుట్టాయి. కాలాచౌకీలో ఉన్న బోర్డు కాలనీ పేరు అభ్యుదయనగర్. (మన సంఘానికీ దానికీ సంబంధం లేదు, పేరు చూసి సంతోషించడానికి అభ్యంతరమూ లేదు.) ఒంటిగది కాపురాలు నూటికి డెబ్బైకి పైగా ఉన్న నగరంలో ఈ కాలనీలు చిన్న పని కాదు. కాని బోర్డు ఈ ఇళ్లను తన చేతిలో ఉంచుకోలేదు. వాయిదాల మీద అమ్మింది, సహకార సంఘాలకు అప్పజెప్పింది. మొదటి తరం గుమాస్తాకు అది వరమే. రెండో తరానికి ఆ ఇల్లు బజారు సరుకైంది. ఆస్ట్రియాలోని వియన్నా నగరపాలక సంస్థ 1920లలో సోషల్ డెమోక్రాట్లు కట్టడం మొదలుపెట్టిన ఇళ్లను అమ్ముకోలేదు. ఇప్పటికీ రెండు లక్షల ఇరవై వేల దాకా అద్దె ఇళ్లు దాని చేతిలోనే ఉన్నాయి. వాటిలో కార్మికుడి పక్క వాటాలోనే ఉపాధ్యాయుడుంటాడు. బొంబాయి ఉపాధ్యాయుడికి యజమాని కావడమో, ఊరు వదలడమో తప్ప మూడో దారి మిగల్లేదు.

సాహిత్యం ఈ మార్పును ఎలా పట్టుకుంది? పు.ల. దేశ్‌పాండే 'బటాట్యాచి చాళ్' 1958లో వచ్చింది. గొప్ప హాస్యం, నేనేమీ కాదనను. కాని అది కనుమరుగవుతున్న ఒక లోకానికి నవ్వుతూ పలికిన వీడ్కోలు. చాల్‌ను వదిలి ఫ్లాట్‌కు పోగలిగిన మధ్యతరగతి వెనక్కి తిరిగి చూసుకున్న చూపు. మాటుంగా లేబర్ క్యాంపులో బతికిన బాబురావు బాగుల్ 1963లో 'జేవ్హా మీ జాత్ చోర్లీ హోతీ' కథలతో వచ్చాడు. అక్కడ ఆత్మీయత మాట అటుంచి, అద్దె గది దొరకడానికే కులం దాచుకోవాలి. మిల్లులో పనిచేసిన నారాయణ్ సుర్వే 1966లో తన విశ్వవిద్యాలయం ఏదో కవిత్వంలో చెప్పుకున్నాడు, అది వీధే. ఒకే నగరం, ఒకే దశాబ్దం. వీటిని పక్కపక్కన పెట్టి చదవని పాఠ్యప్రణాళిక విద్యార్థికి నగరాన్ని చూపలేదు.

నా దృష్టిలో మధ్యతరగతి ఇంటి వెతను సూటిగా చూపింది నవల కాదు, సినిమా. 1977లో భీమ్‌సేన్ తీసిన 'ఘరోందా'. ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరు ప్రేమికులు వాయిదాలు కూడబెట్టి ఫ్లాటుకు కడతారు. బిల్డరు డబ్బుతో ఉడాయిస్తాడు. తర్వాత ఆ యువకుడు ప్రియురాలికి ఇచ్చిన సలహా: జబ్బుమనిషైన యజమానిని పెళ్లాడు, ఇల్లు మనకు వస్తుంది. ఇంటి కోసం మనిషి మనిషినే ధర కట్టే స్థితికి దిగజారిన క్షణం అది. సరిగ్గా అదే ఏడాది పాత బోర్డులను కలిపి మ్హాడా అనే సంస్థను నెలకొల్పారు. దానికి ముందు ఏడాది నగర భూపరిమితి చట్టం వచ్చింది. బొంబాయిలో 500 చదరపు మీటర్లకు మించిన ఖాళీ స్థలం ప్రభుత్వానికి చెందాలి. చట్టంలోనే మినహాయింపుల తలుపులు తెరిచి ఉంచారు. భూస్వాములు వాటిలోంచి దర్జాగా నడిచి వెళ్లారు. 2007లో మహారాష్ట్ర ఆ చట్టాన్నే ఎత్తేసింది.

1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో దాదాపు రెండున్నర లక్షలమంది పాల్గొన్నారు. ఆ సమ్మె ఓడిపోయింది. మధ్యతరగతి చాలావరకు దూరంగా నిలబడి చూసింది. ఓడిపోయింది కార్మికుడే అనుకుంది. కాని మిల్లుల కింది భూమి నగరం నడిబొడ్డున ఉంది. 1991 నిబంధనల ప్రకారం మిల్లు భూమి అభివృద్ధి చేస్తే సుమారు మూడోవంతు ఖాళీ మైదానాలకు, మూడోవంతు ప్రభుత్వ గృహాలకు, తక్కినది యజమానికి పోవాలి. 2001లో ఒక సవరణ చేశారు. పంపకం ఖాళీగా ఉన్న నేలకే వర్తిస్తుందట, షెడ్లు నిలబడ్డ నేలకు కాదట. ఈ ఒక్క మాటతో ప్రజల వాటా కరిగిపోయింది. హైకోర్టు కాదన్నా, 2006లో సుప్రీంకోర్టు సవరణనే నిలబెట్టింది. ఆ వాటాలో రావలసింది కార్మికుడి ఇల్లు మాత్రమే కాదు, టీచరు ఇల్లు, నర్సు ఇల్లు కూడా. జయంత్ పవార్ 'అధాంతర్' నాటకంలోని మిల్లు కుటుంబం గాల్లో వేలాడినట్టు, వీళ్లూ వేలాడుతున్నారు. కాకపోతే దూరపు శివార్లనుంచి లోకల్ రైలు పట్టుకుని.

ఇప్పుడు మిగిలింది లాటరీ. 2023లో మ్హాడా బొంబాయి లాటరీకి పెట్టిన ఇళ్లు 4,082, అర్జీలు లక్షా ఇరవై వేల పైచిలుకు. తాడ్‌దేవ్‌లో ఒక ఫ్లాటు ధర ఏడున్నర కోట్లు దాటింది, అదీ ప్రభుత్వ గృహమే! మిల్లు కార్మికుల ఇళ్లకు అర్జీ పెట్టినవాళ్లు లక్షన్నర దాకా ఉంటే, వాళ్లకూ లాటరీయే. హక్కును చీటీగా మార్చి డ్రమ్ములో తిప్పే పద్ధతి ఇది. చీటీ తగలనివాడు ప్రభుత్వాన్ని కాకుండా తన నొసటిరాతను తిట్టుకుంటాడు.

బీడీడీ చాళ్లను కూడా కూల్చి కడుతున్నారు. 160 అడుగుల గదికి బదులు 500 అడుగుల ఇల్లు, ఉచితంగా. 2025 ఆగస్టులో వర్లీలో 556 కుటుంబాలకు తాళాలిచ్చారు. మంచిదే, మూడు తరాలు ఉమ్మడి మరుగుదొడ్డి ముందు వరసలో నిలబడ్డవాళ్లకు అది దక్కవలసిందే. అయితే ఆ ఉచితానికయ్యే ఖర్చు, అదే స్థలంలో బజారు ధరకు అమ్మే అంతస్తులనుంచి రావాలి. ఆ ధర ఒక ఉపాధ్యాయుడి జీతానికి అందేటట్టుంటే ఈ పథకం నడవదు.