మార్కెట్ వీధి గడియారం

1916 జులై 22. శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ వీధి జనంతో కిటకిటలాడుతోంది. ఐరోపాలో యుద్ధం, అమెరికా కూడా ఆయుధం పట్టడానికి సిద్ధపడాలంటూ ఊరేగింపు. మధ్యాహ్నం 2 గంటల 6 నిమిషాలకు స్టూవర్ట్ వీధి మలుపులో బాంబు పేలింది. పదిమంది ప్రాణాలు పోయాయి. నలభైమంది గాయపడ్డారు.

వారం తిరక్కుండానే టామ్ మూనీని, అతని భార్య రీనాని, మిత్రుడు వారెన్ బిల్లింగ్స్‌ని పోలీసులు పట్టుకున్నారు. మూనీ ఇనుప పోతపని కార్మికుడు, సోషలిస్టు. ఆ నెలలోనే ట్రామ్ కార్మికుల చేత సమ్మె చేయించబోయాడు. యజమానులకు అతను కంట్లో నలుసు.

పేలుడుకు ముందు ఆ దంపతులు మైలుకు పైగా దూరంలో, ఒక భవనం డాబా మీద నిలబడి ఊరేగింపు చూస్తున్నారు. పక్క డాబా నుంచి ఎవరో తీసిన ఫొటోల్లో వాళ్లున్నారు, కింద వీధి గడియారమూ ఉంది. ప్రాసిక్యూషన్ ఇచ్చిన కాపీల్లో దాని ముళ్లు మసక. పెద్దది చేయిస్తే టైము తేలింది: 1.58, 2.01, 2.04.

ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అయినా బాంబు ఇంకా ముందే పెట్టారని ప్రాసిక్యూషన్ మాట మార్చింది. మూనీని అక్కడ కళ్లారా చూశానని ఆక్స్‌మన్ అనే పశువుల వ్యాపారి బోనెక్కి చెప్పాడు. జూరీ అతన్నే నమ్మింది. 1917 ఫిబ్రవరిలో మూనీ దోషి అన్నారు, శిక్ష ఉరి. బిల్లింగ్స్‌కి అప్పటికే యావజ్జీవం పడింది. రీనా తర్వాత నిర్దోషిగా బయటపడింది.

రెండు నెలలకే ఆక్స్‌మన్ ఉత్తరాలు పత్రికకెక్కాయి. నువ్వూ వచ్చి సాక్ష్యం చెప్పు, ఖర్చులు ఇస్తారని ఇల్లినాయ్‌లోని పాత స్నేహితుడికి రాశాడు! ఉరిశిక్ష వేసిన జడ్జి గ్రిఫిన్ మనసు విరిగిపోయింది. మళ్లీ విచారించాలని ఆయనే కోరాడు. రికార్డులో లేనిది మేం చూడలేమంది రాష్ట్ర సుప్రీంకోర్టు. అబద్ధమని తెలిసిన సాక్ష్యం మీద మనిషిని ఉరితీయడానికి ఆ చట్టానికి అభ్యంతరం లేకపోయింది.

జనానికి ఉంది. విప్లవం రగులుతున్న పెట్రోగ్రాడ్‌లో అమెరికా రాయబార కార్యాలయం ముందు మూనీ పేరు మారుమోగింది. అధ్యక్షుడు విల్సన్ కదలక తప్పలేదు, గవర్నర్‌కు రాశాడు. 1918 నవంబర్‌లో, ఉరికి రెండు వారాల ముందు, శిక్ష యావజ్జీవమైంది. ఉరి తప్పింది, చెర తప్పలేదు.

శాన్ క్వెంటిన్ జైల్లో మూనీ బంగాళాదుంపలు చెక్కుతూ ఏళ్లు గడిపాడు. ఎనభై దాటిన తల్లి మేరీ కొడుకు కోసం రష్యా దాకా వెళ్లి వేడుకుంది. 1934లో, అతను బయటికి రాకముందే కన్నుమూసింది. 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ చివరి రోజున కొందరు యువకులు మూనీని విడిచిపెట్టమంటూ ట్రాక్ మీదికి దూకి పరుగెత్తారు. జైలుకెళ్లారు.

1939 జనవరి 7న కొత్త గవర్నర్ ఓల్సన్ మూనీని క్షమించి వదిలాడు. మర్నాడే వేలమందితో కలిసి అతను మార్కెట్ వీధిలో నడిచాడు. ఒళ్లు మాత్రం జైల్లోనే గుల్లయింది, మూడేళ్లకే పోయాడు. పాత శిక్ష ఒకటి ఉన్నందున బిల్లింగ్స్‌కి క్షమాపణ ఇవ్వడం గవర్నర్ ఒక్కడి చేతిలో లేదు. అతను అదే ఏడాది విడుదలైనా, క్షమాపణ పత్రం చేతికొచ్చింది 1961లో. ఆ పదిమందిని చంపిందెవరో ఇప్పటికీ తేలలేదు.